4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనా? దీనికి ఇంకేమైనా ప్రత్యేకత ఉందా?

ప్రధాన సంఖ్య కాదు. 641 × 67,00,417 చేస్తే సరిగ్గా ఇదే వస్తుంది. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి, 1నీ ఆ సంఖ్యనీ కలుపుకుంటే మొత్తం కారణాంకాలు నాలుగే.

అసలు సంగతి ఇది 2³² + 1 కావడం. 2¹ + 1, 2² + 1, 2⁴ + 1 అంటూ ఘాతాన్ని రెట్టింపు చేస్తూ పోయే ఇదే వరుసలో ముందొచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. అది చూసి ఇదీ అలాంటిదేనని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ 641ని కారణాంకంగా చూపించడంతో ఆ నమ్మకం కూలిపోయింది.

641 గుడ్డిగా వెతికితే దొరికింది కాదు. ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అంటే పరీక్షించాల్సినవి 193, 257, 449, 577, 641... ఐదోదానికే పని అయిపోయింది! కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

నాకు బాగా నచ్చేది మాత్రం ఇంకోటి: దీన్ని రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చు. 65536² + 1² అని అందరికీ తడుతుంది. 62264² + 20449² అన్నా ఇదే వస్తుంది. ప్రధాన సంఖ్యకైతే ఇలా రెండు దారులు ఉండవు. కారణాంకాలు తెలియకపోయినా, ఈ ఒక్క ఆధారం చాలు ఇది సంయుక్త సంఖ్య అని తేల్చడానికి.