మీ నాన్నగారు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచే మొదలుపెట్టండి

ప్రశ్న: మాది అనంతపురం. బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. అక్కడి పాత కంప్యూటర్ బాగా నెమ్మదించడంతో నిరుడు దానిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేశాను. వేగం పెరిగింది. ఒకరోజు నాన్న రైతుల బాకీల ఫైలును ఆడిటర్ కోసం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పని అయిపోయినట్టు కనిపించగానే దాన్ని తీసేశారు. తీరా అక్కడికి వెళ్లాక ఫైలు తెరుచుకోలేదు. ఇంటికి వచ్చి, "నాకు ఈ కంప్యూటర్లు రావమ్మా" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఇలాంటి డెస్క్‌టాప్‌లను, అంటే తెర మీద కనిపించే విండోలు, మెనూలు, బటన్లను, మామూలు మనుషులు తేలికగా వాడుకునేలా మార్చే పని చేయాలని ఉంది. కానీ కోడింగ్‌లో నేను మధ్యరకం. ఇంట్లో బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. దీనితో ఉద్యోగం వస్తుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందుగా ఒక మాట. తప్పు మీ నాన్నగారిది కాదు. ఫైలును కాపీ చేయమన్నప్పుడు లినక్స్ ఆ సమాచారాన్ని మొదట మెమరీలో ఉంచుకుని, తరువాత నెమ్మదిగా పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది. కంప్యూటర్ చురుగ్గా కదలడానికి చేసిన ఏర్పాటు అది, మంచి ఏర్పాటే. అయితే కాపీ గీత చివరిదాకా నిండి మాయమైన తరువాత కూడా లోపల రాత సాగుతూనే ఉండవచ్చు. ఫైళ్ల విండోలో పెన్‌డ్రైవ్ పేరు పక్కన ఒక చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే, ఇంకా రాస్తున్నాను, తీయవద్దు అని చాలా డెస్క్‌టాప్‌లు చెబుతాయి. గమనించండి: ఆ హెచ్చరిక అందేది ఆ గుర్తు సంగతి ముందే తెలిసినవారికి. తెలియనివారికి, అంటే హెచ్చరిక నిజంగా కావలసినవారికి, తెర ఏమీ చెప్పదు. మీ నాన్నగారు తెర చెప్పినదాన్ని నమ్మారు. నమ్మినందుకు ఫైలు పోతే సరిదిద్దవలసింది తెరనే.

మీ ఉత్తరంలో నాకు విలువైనదిగా తోచింది, మీ నాన్నగారు అన్న ఆ మాట మిమ్మల్ని వదలకపోవడం. కంప్యూటర్ మొండికేస్తే చాలామంది తమనే తప్పుపట్టుకుంటారు. పక్కన ఉన్నవారు కూడా, ఇలా నొక్కాలి అని చూపించి వెళ్లిపోతారు. మీరు అక్కడ ఆగి, ఇది మనిషి లోపం కాదేమోనని అనుమానించారు. ఈ వృత్తికి కావలసిన మొదటి గుణం ఆ అనుమానమే. కోడింగ్ దాని తరువాత వస్తుంది.

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఒక డీటీపీ దుకాణానికి నేను కరపత్రాల కోసం వెళుతుంటాను. అక్కడి ఆపరేటర్ ఏళ్ల తరబడి అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో, యాపిల్ అనే కీబోర్డు అమరికలో టైపు చేస్తున్నారు. వేళ్లు అక్షరాలను వెతుక్కోవు, వాటంతట అవే వెళతాయి. ఒకసారి ఆయన లినక్స్ ప్రయత్నించారు. తెలుగు అని చూస్తే ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక ఒక్కటే కనిపించింది. అరగంట కుస్తీ పట్టి వదిలేశారు. నిజానికి లినక్స్‌లో తెలుగుకు యాపిల్ అమరిక ఉంది. ఎం17ఎన్ అనే ప్యాకేజీని విడిగా వేసుకుని, సెట్టింగులలో కీబోర్డు జాబితా లోపలికి వెళ్లి, దాన్ని ఎంచుకోవాలి. ఎవరో శ్రమపడి తయారుచేసిన వస్తువు అది. కావలసిన మనిషికి అది ఉందనే తెలియలేదు. వస్తువు తయారుచేయడం ఒక పని, అది దొరికేలా చేయడం ఇంకొక పని. మీరు అడుగుతున్నది ఈ రెండో పని గురించి. దీనిని వాడుక సౌలభ్యం అంటారు, ఇంగ్లీషులో యూజబిలిటీ.

లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మార్చగలిగే సాఫ్ట్‌వేర్‌లో, దీనికి చోటుందా అని మీకు సందేహం రావచ్చు. ఈ డెస్క్‌టాప్‌ల పుట్టుకే ఈ అవసరంలో ఉంది. 1996 అక్టోబరులో మథియాస్ ఎట్రిచ్ అనే ప్రోగ్రామర్ కేడీఈ అనే డెస్క్‌టాప్‌ను ప్రకటించినప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది మామూలుగా కంప్యూటర్ వాడుకునేవారే. మరుసటి ఏడాది గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ మొదలైంది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ సంస్థ బృందం కొందరిని గ్నోమ్ ముందు కూర్చోబెట్టి, చిన్న చిన్న పనులు ఇచ్చి, ఎక్కడ తికమకపడుతున్నారో నమోదు చేసింది. 2002లో వచ్చిన గ్నోమ్ 2 సరళంగా ఉండాలని పట్టుబట్టింది. తెర ఎలా ఉండాలి, బటన్ మీద మాట ఎలా ఉండాలి అని చెప్పే మార్గదర్శకాలు కూడా ఆ రోజుల్లోనే వెలువడ్డాయి.

అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడ తడబడతారు. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు మెనూలో కంప్యూటర్‌ను పూర్తిగా ఆపే మాట మామూలుగా కనిపించేది కాదు. ఆల్ట్ మీట నొక్కి పట్టుకుంటేనే బయటపడేది. నిద్రపుచ్చితే చాలు, ఆపవలసిన అవసరం అరుదు అన్నది వారి ఆలోచన. జనం ఒప్పుకోలేదు, తరువాతి విడుదలల్లో ఆ మాట మెనూలోకి తిరిగి వచ్చింది. కేడీఈలో చాలా ఏళ్లు ఫైలును ఒక్కసారి నొక్కితేనే తెరుచుకునేది. వేరే చోట రెండుసార్లు నొక్కడం నేర్చుకుని వచ్చినవారికి ఒకే ఫైలు రెండు విండోల్లో తెరుచుకోవడం మామూలే. 2024 ఫిబ్రవరిలో కేడీఈ కొత్త విడుదల ప్లాస్మా 6తో అక్కడా రెండుసార్లు నొక్కడమే ముందస్తు అమరిక అయింది. చూడటానికి చిన్న మార్పు, కానీ దాని వెనుక ఏళ్ల వాదన ఉంది.

ఇప్పుడు మీరు మాత్రమే చూడగలిగిన దాని గురించి చెబుతాను. మీ నాన్నగారి ఫైలు పేరు "అప్పులు" అనుకుందాం. తెలుగులో ప వత్తు గీతకు కిందికి దిగుతుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుస ఎత్తు నిర్ణయించిన చోట ఆ వత్తు అడుగున తెగిపోయి, "అపులు" అన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది. "స్త్రీ" లాంటి మాట వస్తే చెప్పనక్కరలేదు, పైనా కిందా రెండు వైపులా చోటు కావాలి. ఇంకొకటి. "లక్ష్మి" అని టైపు చేసి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే గుడి మాత్రమే పోవాలా, "క్ష్మి" మొత్తం పోవాలా? దీనికి జవాబు జర్మనీలోనో అమెరికాలోనో కూర్చున్న ప్రోగ్రామర్ ఊహించలేరు. తెలుగు టైపు చేసేవారిని పది నిమిషాలు గమనించి మీరు చెప్పాలి. సెట్టింగులలో తెలుగు అనువాదాలు కూడా చదవండి. మీ నాన్నగారికి అర్థం కాని గ్రాంథిక పదం కనిపిస్తే, ఆయన ఆ పనిని ఏ మాటతో చెబుతారో అడిగి రాసుకోండి. గ్నోమ్, కేడీఈ రెండింటికీ తెలుగు అనువాద బృందాల ఏర్పాటు ఉంది. కోడ్ ఒక్క వరుస కూడా రాయకుండా లోపలికి అడుగుపెట్టగలిగే గుమ్మం అది.

పద్ధతి చెబుతాను. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. దుకాణం కాస్త ఖాళీగా ఉన్నప్పుడు మీ నాన్నగారికి పని చెప్పండి, దారి చెప్పవద్దు. "ఇక్కడ నొక్కండి" అనకుండా, "జూన్ బాకీల ఫైలు ఆడిటర్‌కు పంపాలి నాన్నా, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వండి" అనండి. ఆ తరువాత నోరు మెదపకండి. ఇది చాలా కష్టం. ఆయన చేయి మౌస్ మీద ఆగిపోయినప్పుడు మీ చేయి ముందుకు వెళుతుంది, ఆపుకోండి. ఆ ఆగిన చోటే మీకు కావలసినది. ఎంతసేపు ఆగారు, దేనిని చూశారు, ఏమి గొణిగారు అన్నీ ఆయన మాటల్లోనే రాయండి. తొలకరికి వేరుశనగ విత్తనాల కోసం రైతులు వచ్చే రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఆయనకు చిరాకు, మీకు తప్పుడు ఫలితం.

అలా అయిదుగురిని చూడండి. పక్క దుకాణం వారు, మీ సేవ కేంద్రంలో పనిచేసేవారు, ఇంటి పక్కన పిన్ని, ఎవరైనా సరే. వాడుక సౌలభ్యంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే చెప్పారు, అయిదుగురితో పరీక్షిస్తే పెద్ద లోపాల్లో చాలా భాగం బయటపడతాయని. ముగ్గురు ఒకే చోట ఆగితే మీ చేతిలో ఒక బలమైన ఫిర్యాదు ఉన్నట్టు.

దానిని ప్రాజెక్టుకు చేర్చడం కూడా ఒక విద్యే. గ్నోమ్ పనులన్నీ గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైటులో జరుగుతాయి, కేడీఈకి ఫిర్యాదుల కోసం బగ్‌జిల్లా అనే వెబ్‌సైటు ఉంది. ముందు అదే ఫిర్యాదు ఎవరైనా చేశారేమో వెతకండి. తరువాత వెర్షన్ ఏది, చేసిన పని ఏది, జరిగింది ఏమిటి, జరగాలనుకున్నది ఏమిటి అన్నవి తేలిక ఇంగ్లీషులో రాసి, తెర ఫొటో జతచేయండి. "మీ డిజైన్ బాగాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "అయిదుగురిలో ముగ్గురు త్రికోణం గుర్తును చూడలేదు" అని రాస్తే ఆగి చదువుతారు. కొన్నిసార్లు వద్దంటారు, కొన్నిసార్లు నెలల తరబడి జవాబు రాదు. అక్కడివారిలో చాలామంది జీతం లేకుండా పనిచేసేవారే, వారి సమయాన్ని గౌరవించండి. మొదటి తిరస్కారానికి మనసు కష్టపెట్టుకుని వెనక్కి వచ్చిన పిల్లలను చూశాను. అందుకే ముందే చెబుతున్నాను.

కోడింగ్‌లో మధ్యరకం అన్నారు. ఈ దారికి అది చాలు, కానీ అక్కడే ఆగిపోకూడదు. గ్నోమ్ తెరల రూపానికి సీఎస్‌ఎస్, కేడీఈ తెరలకు క్యూఎంఎల్ అనే భాషలు వాడతారు. రెండూ చదివి అర్థం చేసుకునే స్థాయికి వస్తే బటన్ మీద మాట, వరుస ఎత్తు, ఖాళీ చోటు వంటివి మీరే సరిదిద్దగలరు. బొమ్మ గీసి చూపించడానికి పెన్‌పాట్ అనే ఉచిత సాధనం నేర్చుకోండి. తెర మీది మాటలను చదివి వినిపించే ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌ను ఒక సాయంత్రం తెర ఆపేసి, చెవులతో మాత్రమే వాడి చూడండి. చూపు లేనివారికి ఏ బటన్ పేరు లేకుండా వినిపిస్తోందో తెలుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తరువాత మన దేశంలో ఈ పరీక్షలు తెలిసినవారి అవసరం పెరిగింది.

ఇక డబ్బు సంగతి. డెస్క్‌టాప్ ప్రాజెక్టుల్లోనే జీతం తీసుకుని పనిచేసేవారు ప్రపంచం మొత్తం మీద తక్కువ. రెడ్‌హ్యాట్, సూసే, కానానికల్ వంటి కొన్ని సంస్థలే వారిని పెట్టుకుంటాయి. దాని మీద ఆశ పెట్టుకుని చదువు పూర్తిచేయమని నేను చెప్పను. మీకు ఉద్యోగం వచ్చేది యూఎక్స్ (వాడేవారి అనుభవం) డిజైనర్‌గానో, యూఎక్స్ రీసెర్చర్‌గానో, బ్యాంకు యాప్‌లు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్, ప్రభుత్వ సేవల పోర్టళ్లు తయారుచేసే సంస్థల్లో. ఇంటర్వ్యూలో అందరూ ఊహించి గీసిన యాప్ బొమ్మలు చూపిస్తారు. మీరు మాత్రం, ఇది మా నాన్న ఆగిపోయిన చోటు, ఇది నా ఫిర్యాదు, ఇది వారితో జరిగిన చర్చ, ఇది విడుదలైన మార్పు అని చూపించగలుగుతారు. ఓపెన్ సోర్స్‌లో అన్నీ బహిరంగంగా ఉంటాయి కనుక ఎవరైనా తెరిచి సరిచూసుకోవచ్చు.

దారిలో కొంత ఆదాయం కూడా ఉంది. ఓపెన్ సోర్స్‌కు కోడ్ రాసేవారికి భృతి ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, దరఖాస్తులు వేసవికి ముందు తీసుకుంటారు. అవుట్‌రీచీ అనే మూడు నెలల ఇంటర్న్‌షిప్ 2006లో గ్నోమ్‌లోనే మహిళల కోసం మొదలై విస్తరించింది, భృతి 7,000 డాలర్లు. అక్కడ కోడ్‌తో పాటు డిజైన్, యూజర్ పరిశోధన పనులు కూడా ఉంటాయి. అందుకే మీకు ముందు దానినే సూచిస్తాను. కేడీఈ వారి సీజన్ ఆఫ్ కేడీఈలో డబ్బు ఉండదు, కానీ చేయిపట్టి నడిపించే మెంటార్ ఉంటారు. ఏదైనా దరఖాస్తు సమయానికి పరిచయం చేసుకుంటే చాలదు, నెలల ముందు నుంచి పనిలో ఉండాలి.

పై చదువు మీద ఆసక్తి ఉంటే, నాలుగో సంవత్సరంలో ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఎం.డెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లవచ్చు. ఇంజినీరింగ్ వారూ అర్హులే. ఐఐటీ బొంబాయి, గువాహటి, హైదరాబాద్‌లలో ఆ కోర్సు ఉంది. అందులో చేతితో గీసే భాగం ఉంటుంది కనుక రోజూ ఒక పేజీ గీయడం ఇప్పుడే మొదలుపెట్టండి.

బ్యాంకు పరీక్షల విషయంలో మీ ఇంట్లోవారితో తగువు పెట్టుకోకండి. డిగ్రీ చేతికొచ్చాక అవి ఎలాగూ రాయవచ్చు, లెక్కలు, రీజనింగ్ ఇప్పుడు చదివినా వృథా కావు. వారానికి ఆరేడు గంటలు మాత్రం ఈ పనికి అడిగి తీసుకోండి. నాలుగో సంవత్సరం మొదలయ్యేలోగా మీ ఫిర్యాదులు అయిదారు చర్చకు వచ్చి, కనీసం ఒక మార్పు విడుదలలోకి వెళితే ఈ దారిలో ధైర్యంగా ముందుకు సాగండి. అప్పటికి నోట్‌బుక్ సగం కూడా నిండకపోతే, ఇది ఇష్టమే తప్ప వృత్తి కాదని ఒప్పుకుని బ్యాంకు వైపు మనస్ఫూర్తిగా వెళ్లండి. అందులో తక్కువేమీ లేదు.

ఈ ఆదివారం దుకాణం మూసే వేళకు మీ నాన్నగారికి ఆ త్రికోణం గుర్తు కథ చెప్పండి అమ్మా, ఫైలు ఎందుకు పోయిందో ఆయనకు తెలియాలి. ఆ తరువాత పెన్‌డ్రైవ్‌లోకి కాకుండా, ఆ ఫైలును అచ్చు తీయమని అడిగి, నోట్‌బుక్ తెరిచి పక్కన కూర్చోండి.