టెక్ సందేహాలు: బాల్కనీలో మీటరు లూప్‌తో 137 కిలోహెర్ట్జ్ వినవచ్చా?

ప్రశ్న: వికారాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటాను. హ్యామ్ (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) లైసెన్సు ఉంది. 137, 475 కిలోహెర్ట్జ్ బ్యాండ్లు విందామని బాల్కనీ నుంచి 20 మీటర్ల తీగ కడితే రొద తప్ప ఏమీ రావడం లేదు. తక్కువ ఫ్రీక్వెన్సీ కేంద్రం కోసం మా దామగుండంలో నౌకాదళానికి సుమారు 2,900 ఎకరాలు కావలసి వచ్చినప్పుడు, మీటరు లూప్ (చట్రం మీద తీగ చుట్టిన యాంటెన్నా) నాకేం పనికొస్తుంది?

జవాబు: దామగుండం కేంద్రం జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి ఉద్దేశించినది, మీరు చేయదలచింది వినడం. 137 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 2,190 మీటర్లు కాబట్టి, అలాంటి తరంగాన్ని బలంగా పంపేవారికి ఎత్తయిన టవర్లు తప్పవు. వినేటప్పుడు ఆ అవసరం లేదు. ఎక్కడెక్కడో పడే పిడుగుల రొద ఈ బ్యాండ్లలో రిసీవర్ సొంత రొదను మించి ఉంటుంది కనుక, చిన్న యాంటెన్నా సంకేతాన్నీ రొదనూ ఒకే పాళ్లలో తగ్గిస్తుందే తప్ప వాటి నిష్పత్తిని పాడుచేయదు. మీ తీగ పట్టుకుంటున్నది బహుశా పిడుగులను కూడా కాదు, మీ భవనంలోని ఎల్ఈడీ బల్బులను, చార్జర్లను, ఇన్వర్టర్లను.

లూప్ గొప్పతనం సంకేతాన్ని ఎక్కువగా పట్టడంలో లేదు, అక్కరలేని దాన్ని వదిలేయడంలో ఉంది. మీటరు భుజం గల చతురస్రపు చట్రాన్ని పీవీసీ పైపుతోనో కర్రతోనో చేసి, సెంటీమీటరు ఎడంగా 10 చుట్లు చుట్టండి. దాని ఇండక్టెన్స్ సుమారు 245 మైక్రోహెన్రీలు వస్తుంది. దాన్ని 475 కిలోహెర్ట్జ్‌కు ట్యూన్ చేయడానికి చుట్ట రెండు కొసల మధ్య దాదాపు 450 పికోఫారడ్ల కండెన్సర్ చాలు. పాత రేడియోలో స్టేషన్ మార్చడానికి తిప్పే గ్యాంగ్ కండెన్సర్ రెండు భాగాలనూ కలిపితే సరిపోతుంది. 137కు మాత్రం సుమారు 5,500 కావాలి కాబట్టి, గ్యాంగ్‌కు సమాంతరంగా 4,700 పికోఫారడ్ల పాలీప్రొపిలీన్ కండెన్సర్ కలపండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే చౌక సిరామిక్ బిళ్ల చేతిలో పెడతారు. వేడికి దాని విలువ జారిపోతుంది, తీసుకోవద్దు. రిసీవర్‌కు వెళ్లే కోయాక్స్‌ను (టీవీ కేబుల్ లాంటి తీగను) పెద్ద చుట్టకు కలపకుండా, లోపల విడిగా వేసిన ఒక్క చుట్టుకు కలపాలి.

ముందుగా 738 కిలోహెర్ట్జ్‌లో హైదరాబాద్ ఆకాశవాణిని గ్యాంగ్ తిప్పి పట్టుకుని, చట్రాన్ని నిలువుగా ఉంచి నెమ్మదిగా తిప్పి చూడండి. చట్రం అంచు హైదరాబాద్ వైపు చూస్తున్నప్పుడు శబ్దం గట్టిగా వస్తుంది. జల్లెడను ఎదుటివారికి ముఖం కనబడేలా పట్టుకున్నట్టు దాని వెడల్పును అటు తిప్పగానే, కొన్ని డిగ్రీల ఇరుకులో కేంద్రం దాదాపు మాయమవుతుంది. హ్యామ్‌లు ‘నల్’ అనేది దీన్నే. మీ భవనం రొదను ఈ నల్‌లో పడేయాలి. అయితే ఇంట్లో రొద ఒక్క దిక్కు నుంచే రాదు. గోడల్లోని వైరింగంతా దాన్ని మోస్తుంది. అందుకే లూప్‌ను గోడకు రెండు మీటర్లు ఎడంగా జరిపి చూడండి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి, ఒకసారి ఇంటి మెయిన్ స్విచ్ ఆపి వినండి. మా ఇంట్లో నెల రోజులు వెతికిన రొద చివరికి వైఫై రౌటర్ అడాప్టర్‌లో దొరికింది.

రొద తగ్గినా చెవికి వినబడుతుందని ఆశపడకండి. 137 బ్యాండును 2007లో జెనీవా ప్రపంచ రేడియో సమావేశం హ్యామ్‌లకు కేటాయించినప్పుడే వెలువడే శక్తికి 1 వాటు పరిమితి పెట్టింది. అంత బలహీన సంకేతాలను పట్టడానికి నోబెల్ గ్రహీత జో టేలర్ రూపొందించిన విస్పర్ పద్ధతి ఉంది; చాలా నెమ్మదిగా పంపే చిన్న సందేశాన్ని చెవికి బదులు కంప్యూటర్ చదువుతుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. 475 బ్యాండుకైతే రిసీవర్‌ను అప్పర్ సైడ్‌బ్యాండ్ (యూఎస్‌బీ) మోడ్‌లో 474.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంచి, కంప్యూటర్ గడియారాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసి, రాత్రంతా వదిలేయండి. వేసవిలో ఉరుముల కాలం కనుక ఫలితం అంతంతమాత్రమే. కార్తీకం దాటాక మాఘం వరకు, అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు ప్రయత్నించండి.