చైనాలోని సుజౌ వెళ్తున్న చిన్నికి, పిన్ని రాసేది

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే కంగారు, సూట్‌కేసులో ఇప్పటికే మూడు కిలోల కందిపప్పు పెట్టేసిందట, ఇంకా ఏం పెట్టాలో చెప్పవే అని నా ప్రాణం తీసింది. పప్పు తీసేయమన్నా. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు అన్నీ అక్కడ దొరుకుతాయి, షాంఘైలో ఇండియన్ సామాన్లు అమ్మేవాళ్ళు కొరియర్‌లో మూడో రోజుకి ఇంటికి పంపిస్తారు, కాస్త రేటెక్కువ అంతే. పచ్చి కరివేపాకు, మొక్కలు, విత్తనాలు, పళ్ళు, పాల సరుకు ఇవేవీ పెట్టొద్దు, కస్టమ్స్ వాళ్ళు రానివ్వరు. ఆవకాయ, కారప్పొడి, ఎండబెట్టిన కరివేపాకు, నీకు అలవాటైన మందులు వాటి చీటీతో సహా పెట్టుకో చాలు. మిక్సీ తెచ్చుకో, అక్కడ కరెంటు 220 వోల్టులు, మనదీ దాదాపు అంతే కాబట్టి బాగానే తిరుగుద్ది, ప్లగ్గు ఒక్కటే పట్టదు, నాలుగైదు అడాప్టర్లు కొనుక్కో.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు, కానీ నేను కూర్చుని రాస్తున్నది సామాన్ల గురించి కాదు. మీ బాబాయ్‌తో 2012లో సుజౌ వెళ్ళి 11 ఏళ్ళు ఉండొచ్చా కదా, అందులో మొదటి మూడేళ్ళు నేను ఉన్నట్టే లెక్క కాదు, ఫ్లాట్‌లో పెట్టిన కుండీలాగా ఉన్నా. మా అల్లుడికి ఆఫీసు ఉంటుంది, అక్కడ ఇంగ్లీష్ వచ్చిన మనుషులుంటారు, ఏ కాగితం కావాలన్నా హెచ్ఆర్ అమ్మాయి పరిగెత్తి చేసిపెడుతుంది. నీకు ఎవరూ ఉండరు. పొద్దున ఎనిమిదింటికి తలుపు మూసుకుంటే 19వ అంతస్తులో నువ్వూ బుజ్జిదీ, కింద ఎవరో ఏదో మాట్లాడుకుంటుంటారు, ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని దిగిన మొదటి నెల్లోనే కొన్ని పనులు నీ పేరు మీద, నీ నోటితో చేసుకోవాలి, "ఆయన చూసుకుంటార్లే" అని మాత్రం అనొద్దు, నేను అన్నా, అనుభవించా.

ముందు పేరు సంగతి. నా పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి ఇంటిపేరు, పేరు అన్నీ రెండో గడిలోనే పడ్డాయి, మనవాళ్ళలో చాలామందికి ఇంతే కదా. బ్యాంకులో అమ్మాయి ఆ పేరంతా ఖాళీ లేకుండా కలిపి కొట్టింది, సిమ్ కార్డు ఇచ్చినబ్బాయి ముక్కలు ముక్కలుగా కొట్టాడు, ఇంక ఫోన్‌లో వీచాట్‌కి, అదే అక్కడ మెసేజ్‌లకీ డబ్బులు కట్టడానికీ వాడే యాప్, బ్యాంకు కార్డు కలపబోతే పేరు కలవలేదంటుంది, మూడు సార్లు బ్యాంకుకి తిరిగా, మూడోసారి విసుగొచ్చి వదిలేసి మీ బాబాయ్ అకౌంటుకే కలిపేసుకున్నా. అదే తప్పు. నువ్వు మాత్రం బ్యాంకులో, సిమ్ దగ్గర, ఇంటి అగ్రిమెంట్‌లో, స్కూల్లో, ప్రతి చోటా పాస్‌పోర్ట్ కౌంటర్ మీద పెట్టి అందులో ఎలా ఉందో అచ్చం అలాగే, అదే వరసలో, కొట్టించుకో, స్క్రీన్ నీ వైపు తిప్పమని చూసుకో. సిగ్గుపడకు.

దిగిన 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో, దాన్ని ఫైఛూస్వో అంటారు, ఇంటి అడ్రస్ రాయించుకోవాలి, హోటల్లో దిగితే హోటల్ వాళ్ళే చేస్తారు, ఇంట్లో దిగితే మనమే చూసుకోవాలి. నీది డిపెండెంట్ వీసా కాబట్టి 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవాలి. దానికి పెళ్ళి సర్టిఫికేట్, బుజ్జిదాని బర్త్ సర్టిఫికేట్ అడుగుతారు, వాటి మీద వేయించాల్సిన ముద్రలు ఇండియాలోనే వేయించుకోవాలి కాబట్టి ఏమేం కావాలో హెచ్ఆర్‌ని ఇప్పుడే అడగండి. ఆ పర్మిట్ మీద నువ్వు ఉద్యోగం చెయ్యకూడదు, ఇంట్లో ట్యూషన్ లాంటివి డబ్బులకి చెప్పినా తప్పే, ఎవరన్నా ఆశ పెడితే వద్దని చెప్పెయ్.

ఫోన్ విషయం ఇంకోటి. వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడ తెరుచుకోవు. అటు వీచాట్‌ని మన దేశంలో 2020 జూన్‌లో ఆపేశారు, అంటే వాళ్ళది మన దగ్గర లేదు, మనది వాళ్ళ దగ్గర లేదు, మధ్యలో మీ అమ్మ. ఇండియా సిమ్‌ని రోమింగ్‌లో పెట్టుకుంటే దాని మీద వాట్సాప్ వస్తుంది, ఐఫోన్లుంటే ఫేస్‌టైమ్ కలుస్తుంది. ఏది చేసినా ఇండియా సిమ్ మాత్రం కట్ చెయ్యొద్దు, ఇక్కడి బ్యాంకుల ఓటీపీలన్నీ దానికే వస్తాయి. టైమ్ తేడా రెండున్నర గంటలే, నీకు రాత్రి 9 అయితే మీ అమ్మకి 6:30, దీపం పెట్టే వేళకి చేస్తే ఎత్తుతుంది.

డబ్బులకి వీచాట్, అలీపే రెండూ పెట్టుకో, చిలగడదుంపలు కాల్చి అమ్మేవాడి బండి మీద కూడా స్కాన్ కోడే ఉంటుంది. ఇప్పుడు మన వీసా, మాస్టర్ కార్డులు కూడా వాటికి కలుస్తున్నాయి కాబట్టి మొదటి వారం గడిచిపోద్ది, కానీ అక్కడి కార్డు నీ పేరు మీద ఉండాల్సిందే.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే 2015 డిసెంబర్‌లో ఒక రాత్రి, మీ తమ్ముడికి అప్పుడు అయిదేళ్ళు, పదకొండింటికి జ్వరం 39.8 చూపించింది, వాళ్ళు సెల్సియస్‌లో చూస్తారు కదా నాకు అది ఎంతో లెక్క తెలియక కూడా వణికిపోయా, మన లెక్కలో 103 దాటింది. మీ బాబాయ్ చెంగ్డూలో ఉన్నారు ఆఫీసు పని మీద. వాణ్ణి దుప్పట్లో చుట్టి లిఫ్ట్‌లో కిందికి దిగానే గానీ టాక్సీ వాడికి ఏం చెప్పాలో తెలీదు. కింద సెక్యూరిటీ గదిలో నుంచి గార్డు వచ్చి నా మొహం చూసి మా బ్లాకులో అయిదో అంతస్తు ముసలావిడకి ఫోన్ చేశాడు. ఆవిణ్ణి నైనై అనేవాళ్ళం, నానమ్మ అని అర్థం. నైటీ మీదే పెద్ద కోటు తగిలించుకుని వచ్చేసింది. హాస్పిటల్లో చూస్తే ముందు చీటీ రాయించుకోవాలి, దానికి డబ్బు, రక్తం పరీక్షకి ముందు డబ్బు కట్టి రసీదు చూపిస్తేనే సూది, రిపోర్ట్ చూసి డాక్టర్ మందు రాస్తే మళ్ళీ కౌంటర్‌కి పోయి కట్టాలి. నా పర్సులో 140 యువాన్లు. ఇండియా కార్డు వాళ్ళు తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చారు. ఆవిడ కోటు లోపలి జేబులోంచి నోట్లు తీసి కట్టింది, ప్రతి కౌంటర్ దగ్గరా, వేలు తడి చేసుకుని లెక్కపెట్టి మరీ. తెల్లారేదాకా పక్కనే కూర్చుని స్టీల్ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకొచ్చి వాడికీ నాకూ తాగించింది.

అంతకుముందు మూడేళ్ళు ఆవిడ అంటే నాకు చిరాకు. సాయంత్రం పిల్లాణ్ణి కిందికి తీసుకెళ్తే చాలు వాడి ప్యాంటు కిందికి లాగి చీలమండలు కప్పేది, "లంగ్ పు లంగ్?" అనేది, అంటే చలిగా లేదూ అని, నాకు మాత్రం "నీకు పిల్లల్ని పెంచడం రాదు" అన్నట్టు వినపడేది. నీకూ అంటారు చూడు, ఎండాకాలం కూడా అంటారు. నవ్వి ప్యాంటు లాగి ఊరుకో. మీ అత్తగారు అన్నా నువ్వు అంతే కదా చేసేది.

మర్నాడు డబ్బులు తిరిగి ఇచ్చేసి ఆ తర్వాత వారం బ్యాంకుకి నాలుగోసారి వెళ్ళా.

అప్పటినుంచి రోజూ సాయంత్రం కిందికి దిగడం మొదలెట్టా. కాంపౌండ్‌ని షియావ్‌ఛూ అంటారు, రాత్రి ఏడింటికి ఆడవాళ్ళు స్పీకర్ పెట్టుకుని వరసల్లో డాన్స్ చేస్తుంటారు, వెనక వరసలో నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఏ హాస్పిటల్లో పిల్లల డాక్టరు మంచిది, ఏ ప్లంబర్ మోసం చెయ్యడు, చెత్త ఏ డబ్బాలో వెయ్యాలి, అన్నీ అక్కడే తెలిశాయి నాకు. చెత్త అంటే గుర్తొచ్చింది, షాంఘైలో 2019 జూలై నుంచి తడి, పొడి, పనికొచ్చేది, ప్రమాదమైనది అని నాలుగు రకాలుగా వెయ్యాలని గట్టిగా పెట్టారు, సుజౌలో కూడా తర్వాత వచ్చింది, టైమ్ ప్రకారం వెయ్యాలి, డబ్బాల దగ్గర ఒక మామ్మ నిలబడి నీ కవర్ విప్పి చూస్తుంది. మునక్కాయ తొక్కలు చూసి ఇదేం కర్ర అని పొడి చెత్తలో వేయించిందొకసారి.

భాషకి కోచింగ్‌లూ అవీ తర్వాత, ముందు కూరల మార్కెట్‌కి పో. యాప్‌లో ఆర్డర్ పెడితే అరగంటలో తలుపు దగ్గర పెట్టేస్తారు నిజమే, సుఖమే, కానీ నోరు రాదు. ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన చైనా మాటలు చూసి చదవకు, తెలుగులో రాసుకో. వాళ్ళు బి అని రాసేది మన ప, పి అని రాసేది ఒత్తు ఫ, ఫ్యాన్‌లో ఫ కాదు ఫలంలో ఫ, అలాగే డి అంటే త, టి అంటే థ, జి అంటే క, కె అంటే ఖ. ఇంగ్లీష్ వాళ్ళు ఈ ఒత్తుల దగ్గరే చస్తారు, మనకి ఒకటో క్లాసులో వచ్చేసినవి. ఇక మాటని పైకీ కిందికీ పలికే రాగం మాత్రం వినీ వినీ రావాల్సిందే.

కొత్తిమీర కావాలని షియాంగ్‌త్సై అనబోయి షియెన్‌త్సై అన్నా ఒకసారి, పెద్ద కట్ట చేతిలో పెట్టింది, చూద్దును కదా తోటకూర! ఎర్ర తోటకూర, ఆకు మధ్యలో రంగు పోసినట్టు. మూడేళ్ళుగా అది దొరకదనుకుని ఏడుస్తున్నా నేను. ఆ రోజు పప్పులో వేస్తే ఎర్రగా దిగింది, మీ బాబాయ్ మాట్లాడకుండా రెండుసార్లు కలుపుకున్నారు. ఆ పొరపాటుతోనే ఆ కొట్టావిడకీ నాకూ స్నేహం కుదిరింది, ఆవిడ ఒక్కోటీ చేత్తో చూపించేది, నేను పేరు తెలుగులో రాసుకునేదాన్ని. బచ్చలాకు మూఅర్‌త్సై. తూటికూర ఖోంగ్‌షిన్‌త్సై. కాకరకాయ ఖూక్వా, బూడిద గుమ్మడి తోంగ్‌క్వా, నేతిబీర సిక్వా. బెండకాయ ఛ్యూఖ్వెయ్. మెంతికూర, గోంగూర మాత్రం ఆ మార్కెట్లో నాకు కనపడలేదు, ఆశ పెట్టుకోకు. బియ్యం దగ్గర జాగ్రత్త, ఈశాన్యం నుంచి వచ్చే పొట్టి గింజ ముద్దయిపోతుంది, పులిహోరకి పనికిరాదు, థాయ్ బియ్యం అడుగు. పెరుగు తియ్యగా ఉంటుంది, చక్కెర లేనిది చూసి కొని ఇంట్లో తోడు పెట్టుకో, చలికాలంలో తోడుకోవాలంటే రైస్ కుక్కర్ పక్కన దుప్పటి కప్పి పెట్టాలి.

బయట తినేటప్పుడు మాంసం తినను అంటే సరిపోదు, వాళ్ళ లెక్కలో మాంసం అంటే ముక్క, పంది కొవ్వుతో వేయించిన ఆకుకూర శాకాహారమే. "వో ఛ్‌ సూ" అను, నేను శాకాహారం తింటా అని, నూనె కూడా అడుగు, చికెన్ పొడి వెయ్యొద్దని చెప్పు. మీ అత్తగారు వస్తే షియువాన్ గుడికి తీసుకెళ్ళు, అక్కడి శాకాహారం నూడుల్స్‌కి సుజౌలో పేరుంది, బౌద్ధుల వంట కాబట్టి ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, ఆవిడకి కార్తీకమాసం అయినా ఇబ్బంది లేదు. మామూలు సుజౌ వంట మాత్రం తీపి, కూరలో చక్కెర వేస్తారు, నాకు 11 ఏళ్ళకీ ఎక్కలేదు.

చలి గురించి ఎవరూ సరిగా చెప్పరు. బీజింగ్‌లో మైనస్‌లకి పోయినా ఇళ్ళకి గవర్నమెంట్ హీటింగ్ ఉంటుంది, హువాయ్ నదికి దక్షిణాన అది లేదు, సుజౌ ఆ కిందికే వస్తుంది. బయట 3 డిగ్రీలుంటే ఇంట్లో 9, పైగా తడి చలి. ఇల్లు చూసేటప్పుడు నేల కింద హీటింగ్ ఉందా, గదులకి దక్షిణం ఎండ వస్తుందా అని చూడండి, ఈ ఒక్క విషయంలో బ్రోకర్ మాట నమ్మొద్దు, మధ్యాహ్నం పూట వెళ్ళి చూడండి. జూన్, జూలైలో రోజుల తరబడి జల్లులు, బీరువాలో పట్టుచీరలకి బూజు పడుతుంది, తేమ లాగే మిషన్ కొనుక్కో, నా పెళ్ళిచీర అంచు ఒకటి పోయింది.

చైనా కొత్త సంవత్సరానికి పనిమనిషి (అక్కడ ఆయీ అంటారు), కూరల కొట్టావిడ, కొరియర్ అబ్బాయి అందరూ ఊళ్ళకి పోతారు, పది రోజులకి సరిపడా పప్పూ ఉప్పూ ముందే తెచ్చి పెట్టుకో.

బుజ్జిదాని చదువు మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని తేల్చుకోవాల్సింది. లోకల్ కిండర్‌గార్టెన్‌లో వేస్తే ఆరు నెలల్లో నీకంటే బాగా మాట్లాడేస్తుంది, మధ్యాహ్నం చిన్న చిన్న మంచాలేసి పడుకోబెడతారు, బాగా చూస్తారు, అక్కడిదాకా నేను కళ్ళు మూసుకుని వెయ్యమంటా. ఆగస్టు 31కి ఆరేళ్ళు నిండితే ఒకటో క్లాసు. అక్కడ చిక్కు. మూడు నాలుగేళ్ళు చైనా మీడియం చదివి మళ్ళీ ఇక్కడి సీబీఎస్‌ఈకి రావాలంటే పిల్లలు నలిగిపోతారు, మా వాణ్ణి చూశా. ఇంటర్నేషనల్ స్కూలంటే ఏడాదికి 2 లక్షల యువాన్ల పైమాటే, జీతంలోంచి కట్టలేరు, కంపెనీ కడుతుందో లేదో "చూద్దాం" అంటే కుదరదు, ఆఫర్ లెటర్‌లో రాయించుకోమను అల్లుణ్ణి, సంతకం పెట్టకముందే. మీ తమ్ముడు నిద్రలో కూడా చైనీస్ కలవరించేవాడు, అప్పుడు భయమేసి ఇంట్లో తెలుగే అని రూల్ పెట్టా, వాడికి ఇప్పటికీ ఒత్తులు రాయడం రాదనుకో, మాట్లాడటం మాత్రం పోలేదు.

2020 నుంచి 2025 అక్టోబర్ దాకా మనకీ వాళ్ళకీ మధ్య నేరుగా విమానాలే లేవు, మా అత్తగారు పోయినప్పుడు మేం రాలేకపోయాం. అందుకని ఎమర్జెన్సీకని కొంత డబ్బు ఇక్కడి అకౌంట్లో మీ అమ్మకి తీసే వీలుండేలా పెట్టి వెళ్ళు, దీని గురించి మీ ఆయనతో గొడవైనా సరే పెట్టు.

కొట్టావిడ ఇంకా అక్కడే ఉందేమో తెలీదు, మార్కెట్ పై అంతస్తుకి మార్చారని ఎవరో అన్నారు. నీ పాస్‌పోర్ట్ మొదటి పేజీ, బుజ్జిదానిది కూడా, ఫొటో తీసి ఈ రాత్రే పంపు, పేర్లు ఏ గడిలో పడ్డాయో చూసి చెప్తా.

మీ పిన్ని