బెంగళూరులో దిగిన ఫ్రెషర్లు ముందు ఏ సర్టిఫికేషన్ చెయ్యాలి?

మారతహళ్ళిలోనో బీటీఎంలోనో పీజీలో సామాను దించీ దించగానే మనవాళ్లు అడిగేది ఒకటే: "క్లౌడా, సీసీఎన్ఏనా (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్)?" దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది, మీరు ఏ ఉద్యోగానికి అప్లై చెయ్యబోతున్నారన్నది.

ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడటానికి జంకు లేకపోతే సర్వీస్ డెస్క్, అంటే ఉద్యోగుల కంప్యూటర్ సమస్యలు ఫోన్‌లో తీర్చే పని చూసుకోండి. దానికోసం కాంప్‌టియా ఏ ప్లస్ అనే బేసిక్ హార్డ్‌వేర్, సపోర్ట్ పరీక్ష రాయాలా? రెండు పేపర్లు, రెండు ఫీజులు. ఇక్కడ ఆ ఖర్చు దండగనే నేనంటాను. సిలబస్ మాత్రం చదవండి. యాక్టివ్ డైరెక్టరీలో (కంపెనీ లాగిన్‌లన్నీ ఉండే మైక్రోసాఫ్ట్ సిస్టమ్) లాకైన అకౌంట్ అన్‌లాక్ చెయ్యడం, టికెట్ (ఫిర్యాదు రికార్డు) అర్థమయ్యేలా రాయడం చేతికి రావాలి.

నైట్ షిఫ్టులకు సిద్ధమైతే ఎన్ఓసీ, అంటే రాత్రింబవళ్లు నెట్‌వర్క్‌ని కనిపెట్టుకునే సెంటర్ ఉద్యోగాలున్నాయి. వాటికి సీసీఎన్ఏ, అంటే 200-301 పరీక్ష. 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు, పైన పన్ను. ప్రాక్టీసుకి సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. చాలామంది తడబడేది సబ్‌నెటింగ్ దగ్గరే, అంటే ఒక నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడదీసే లెక్క. 192.168.10.77/26 అనగానే చివరి సంఖ్యలో నెట్‌వర్క్ 64, బ్రాడ్‌కాస్ట్ 127, హోస్టులు 65 నుంచి 126 అని కాగితం లేకుండా చెప్పగలగాలి. ఈ పరీక్షలో దాటేసిన ప్రశ్నకి వెనక్కి వెళ్లలేరు, కాబట్టి అక్కడ లెక్కలు వేస్తూ కూర్చుంటే టైమ్ చాలదు.

లైనక్స్ ఇష్టమైతే ఆర్‌హెచ్‌సీఎస్ఏ, అంటే రెడ్ హ్యాట్ వాళ్ల లైనక్స్ అడ్మిన్ పరీక్ష. బిట్లు పెట్టే పరీక్ష కాదిది, మెషీన్ మీద పని చేసి చూపించాలి. 300కి 210 వస్తే పాస్. మీరు చేసినవన్నీ రీబూట్ తర్వాత కూడా నిలబడాలి. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఫైల్) యూయూఐడీ, అంటే డిస్క్ గుర్తింపు కోడ్, ఒక్క అక్షరం తప్పితే మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి కూర్చుంటుంది. ఫైల్ సేవ్ చేశాక 'మౌంట్ -ఏ' కొట్టి (ఆ ఫైల్లో ఉన్న డిస్కులన్నీ కలిపే కమాండ్), ఎర్రర్ రాలేదని చూసుకున్నాకే రీబూట్ చెయ్యండి.

అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ మాత్రం సీసీఎన్ఏ, ఆర్‌హెచ్‌సీఎస్ఏల్లో ఒకదాని తర్వాతే. అందులో క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్ష పరిచయం వరకే, నేరుగా సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కి వెళ్లండి: 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 150 డాలర్లు. ప్రాక్టీస్ అయ్యాక నాట్ గేట్‌వే (లోపలి మెషీన్లని ఇంటర్నెట్‌కి కలిపే సర్వీస్) డిలీట్ చెయ్యడం మర్చిపోతే గంటల లెక్కన బిల్లు పడుతుంది. ముందే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి.

డంపులు, అంటే బయటికి లీకైన పరీక్ష ప్రశ్నలు, బట్టీ పట్టి పాసైతే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. సర్టిఫికెట్టు రద్దయ్యే ప్రమాదం అదనం. సర్టిఫికేషన్‌తో పాటు రెండేళ్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తామనే కన్సల్టెన్సీల గడప తొక్కకండి. వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

పరీక్ష బుక్ చేసేటప్పుడు పేరు జాగ్రత్త. మార్కుల మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మనకి మామూలే. ఏ ఐడీ పట్టుకెళ్తారో దాంట్లో ఉన్నట్టే అకౌంట్‌లోనూ ఉండాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వరు, ఫీజూ పోతుంది. పీజీ గదిలోంచి ఆన్‌లైన్‌లో రాసే ఆలోచన మానుకోండి. మధ్యలో రూమ్మేట్ తలుపు తీసి లోపలికొస్తే పరీక్ష ఆపేస్తారు. సెంటర్‌కే వెళ్లండి, వైట్‌ఫీల్డ్ వైపైతే ట్రాఫిక్‌కి గంట అదనంగా వేసుకోండి.