సివిల్ సీటు వచ్చిందని పొలం అమ్మాలా?

ప్రశ్న: మా అబ్బాయికి ఎప్‌సెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్స్ రాలేదని నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. సివిల్‌లో చేరితే కంప్యూటర్ల దారి మూసుకుపోయినట్టేనని వాడి టెన్షన్. మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొనాలంటే ఎకరం పొలం అమ్మాలి. అమ్మేయమంటారా?
– ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి

జవాబు: పొలం అమ్మకండి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకుందాం కానీ, ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు.

మీ అబ్బాయికి కోన్రాడ్ జూసె గురించి చెప్పండి. ప్రోగ్రాము ప్రకారం తనంతట తాను లెక్కలు చేసే కంప్యూటర్‌ను మొట్టమొదట పనిచేయించి చూపించిన జర్మన్ ఇంజనీరు ఆయన. చదివింది సివిల్. అది కూడా ముందు మెకానికల్‌లో చేరి, అది నచ్చక ఆర్కిటెక్చర్‌కు మారి, చివరికి సివిల్‌కు వచ్చాడు. 1935లో బెర్లిన్‌లో డిగ్రీ పూర్తిచేసి, హెన్షెల్ విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాడు. విమాన భాగాలు ఎంత బలాన్ని తట్టుకుంటాయో లెక్కగట్టడం అక్కడ ఆయన పని.

సివిల్ చదివినవాళ్లకు ఈ బాధ తెలుసు. ఒక ఫ్రేములో ఏ కడ్డీ మీద ఎంత బలం పడుతుందో తేల్చాలంటే బోలెడు సమీకరణాలను కలిపి సాధించాలి. ఒకచోట కూడిక తప్పితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. విద్యార్థిగా ఉన్నప్పుడే జూసె ఒకటి గమనించాడు. ప్రతిసారీ అంకెలు మారుతున్నాయి గానీ, వాటితో చేసే పనుల వరస మారడం లేదు. వరస మారనప్పుడు దాన్ని యంత్రానికి అప్పగించవచ్చు కదా! ఆ ఆలోచన ఆయనకు సివిల్ క్లాసులోనే దొరికింది.

ఉద్యోగం మానేసి 1936లో అమ్మానాన్నల ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లు, స్నేహితులు తలా కొంత డబ్బు సర్దారు. స్నేహితులు కూర్చుని రేకుల్ని రంపంతో కోసి ఇచ్చేవారు. రేకు ముందుకు జరిగితే ఒకటి, జరగకపోతే సున్నా. ఒక రేకు కదలాలా వద్దా అన్నది పక్క రేకు ఉన్న చోటును బట్టి తేలుతుంది. అలాంటి వేల రేకులతో 1938కి జెడ్1 అనే ఆయన మొదటి యంత్రం తయారైంది. అయితే రేకులు పట్టేసేవి, యంత్రం తరచూ ఆగిపోయేది. జూసె ఆ లోపాన్ని అక్కడితో వదల్లేదు. రేకుల బదులు టెలిఫోన్ రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) పెట్టి, 1941 మేలో జెడ్3ని నడిపి చూపించాడు. సుమారు 2,000 రిలేలు, 64 సంఖ్యలు పట్టే మెమరీ. ఒక గుణకారానికి దాదాపు 3 సెకన్లు పట్టేది. ఆదేశాలంటే, వాడి పారేసిన సినిమా ఫిల్ము మీద కొట్టిన చిల్లులే.

యుద్ధకాలంలో ఆయన యంత్రాలు ఆయుధాల తయారీకీ పనిచేశాయి. అదీ ఆయన జీవితంలో భాగమే, మీవాడికి దాచక చెప్పండి. 1943లో బాంబుదాడిలో జెడ్3 నాశనమైంది. తర్వాతిదైన జెడ్4ను బెర్లిన్ నుంచి తరలించి, చివరికి బవేరియాలోని ఒక పల్లెకు చేర్చాడు. 1949లో జ్యూరిక్ నుంచి ష్టీఫెల్ అనే ప్రొఫెసరు వచ్చి ఒక అవకలన సమీకరణం ఇచ్చాడు. జూసె దాన్ని అక్కడికక్కడే ఫిల్ము మీద చిల్లులుగా కొట్టి, యంత్రంతో సరైన జవాబు రప్పించాడు. మరుసటి ఏడు జెడ్4 అద్దెకు జ్యూరిక్‌లోని ఈటీహెచ్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయానికి వెళ్లింది.

ఇదంతా విని, సివిల్ అయినా కంప్యూటర్ సైన్స్ అయినా ఒకటేనని అనుకోకండి. క్యాంపస్ ఉద్యోగాలు సివిల్‌లో తక్కువగానే ఉంటాయి. మీ అబ్బాయి అదనంగా కష్టపడాలి. కానీ దారి ఉంది. చాలా కాలేజీల్లో అదనపు క్రెడిట్లు చదివితే కంప్యూటర్ సైన్స్‌లో మైనర్ డిగ్రీ ఇస్తున్నారు, మీ కాలేజీలో ఉందేమో అడగండి. సివిల్ చదివినా, ఎంటెక్ ప్రవేశాలకు పెట్టే గేట్ పరీక్షలో కంప్యూటర్ సైన్స్ పేపరు రాయవచ్చు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపరు కూడా పెట్టారు.

అన్నిటికన్నా, స్ట్రక్చర్స్ లెక్కలు మొదలయ్యాక ఒక బీమ్ లెక్కను కాగితం మీద పూర్తిగా చేయమనండి. తర్వాత అదే లెక్కకు పైథాన్‌లో ప్రోగ్రాము రాసి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూసుకోమనండి. బీమ్ గురించీ కోడ్ గురించీ రెండూ తెలిసిన పిల్లవాడికి స్ట్రక్చరల్ సాఫ్ట్‌వేర్ రంగంలో విలువ ఉంటుంది. ఆ విలువ మేనేజ్‌మెంట్ సీటు కొంటే వచ్చేది కాదు.

ఈ రాత్రి మీరే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి. సీటు మాట రేపు ఎత్తవచ్చు. అలాట్‌మెంట్ ఆర్డరులో కాలేజీకి రిపోర్టు చేయాల్సిన చివరి తేదీ ఉంటుంది, అది మాత్రం దాటనివ్వకండి. ఇంటర్నల్ స్లైడింగ్ (అదే కాలేజీలో మిగిలిన సీట్లలోకి మారడం) ఉంటే బ్రాంచి మారే అవకాశం రావచ్చు. దానికైనా ముందు ఆ కాలేజీలో చేరి ఉండాలి.