బాలింత గదిలో కుంపటి పెట్టొచ్చా?

ప్రశ్న: మాది చింతపల్లి దగ్గర పల్లె. మా అమ్మాయి పురిటికి వచ్చింది, పాపకు ఇంకా నెల నిండలేదు. చలికి తట్టుకోలేక రాత్రిళ్లు గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు, కిటికీలు మూసేస్తున్నాం. పొద్దున లేవగానే అమ్మాయికి తలనొప్పి, వికారం. వాకిట్లో కాసేపు కూర్చుంటే తగ్గిపోతోంది. పచ్చి ఒళ్లు కదా, చలిగాలి సోకిందంటారు మా అత్తగారు. పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాకే కుంపటి లోపలికి తెస్తున్నాం, పక్కన నీళ్ల గిన్నె కూడా పెడుతున్నాం. ఆక్సీమీటర్‌లో 98 చూపించింది. భయపడాలా డాక్టరుగారూ?

జవాబు: భయపడాలమ్మా. ఈ రాత్రి నుంచే కుంపటి ఆ గది గడప దాటకూడదు. అమ్మాయినీ పాపనూ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లి, కుంపటి సంగతి మీరే ముందు చెప్పండి.

బయటికి రాగానే తలనొప్పి తగ్గుతోందని రాశారు చూశారా, నాకు అనుమానం వచ్చింది అక్కడే. ఏజెన్సీలో పనిచేసినప్పుడు చలికాలం పొద్దున్నే ఒకే ఇంట్లోంచి ఇద్దరు ముగ్గురు తలనొప్పి, వాంతులంటూ వస్తే, రాత్రి ఏం తిన్నారని అడగడానికి ముందే గదిలో ఏం వెలిగించారని అడిగేదాన్ని.

బొగ్గుకు గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. రంగుండదు, వాసనుండదు, కళ్లు మండవు. పొగైతే దగ్గొచ్చి మెలకువ వస్తుంది. దీనికి ఆ అవకాశమే లేదు, నిద్రలోనే స్పృహ తప్పుతుంది. పొగ లేని ఎర్రటి నిప్పుల్లోంచీ ఇది వస్తూనే ఉంటుంది. నీళ్లలో కరగదు కాబట్టి గిన్నె వల్ల లాభం లేదు.

రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు ఆక్సీమీటర్ రక్తం రంగును బట్టి లెక్క కడుతుంది. ఈ వాయువు పట్టిన రక్తం కూడా దానికి ఆక్సిజన్ ఉన్న రక్తంలాగే కనిపిస్తుంది. అందుకే ఆ 98ని నమ్మొద్దు. కార్బాక్సీహిమోగ్లోబిన్ అని వేరే రక్తపరీక్ష ఉంది. మంచి గాలిలో నాలుగైదు గంటలకు ఈ వాయువు సగానికి పడిపోతుంది కాబట్టి ఆలస్యమైతే పరీక్షలో తక్కువగా కనబడొచ్చు. ఆసుపత్రిలో మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలోనే సగమవుతుంది. పసిపిల్లలు మనకన్నా వేగంగా ఊపిరి తీస్తారు, వాళ్లకు విషం త్వరగా ఎక్కుతుంది. పాపేమో తలనొప్పని చెప్పలేదు. పాలు తాగకుండా మత్తుగా పడుకుంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, గది బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

మా కాలంలో అందరికీ కుంపట్లే కదా అని అత్తగారు అంటే, ఆవిడను తప్పుపట్టకండి. అప్పటి పెంకుటిళ్లలో కప్పు సందుల్లోంచి కొంతైనా గాలి ఆడేది. ఇప్పటి శ్లాబు గదిలో కిటికీ కూడా బిగిస్తే ఆ కాస్తా ఉండదు.

వెచ్చదనానికి తల్లి ఒంటికి ఆనించి పాపను పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పుకోవడాన్ని మించింది లేదు, తల్లి మెలకువగా ఉన్నంతసేపూ. పాపకు టోపీ, సాక్సులు వేయండి. కరెంటు హీటరైతే పడుకునే పక్కకు దూరంగా పెట్టుకోవచ్చు. సాంబ్రాణి నిప్పులు కూడా తలుపు మూసిన గదిలో వద్దు. బూడిద కప్పినా లోపల నిప్పు కాలుతూనే ఉంటుంది, కుంపటిని వాకిట్లోనే ఉంచండి.

మీ ఇంట్లో బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే దాన్నీ బయటి గోడకు మార్పించండి. అందులోంచి వచ్చేదీ ఇదే వాయువు.