ఉంగరం చచ్చిందని రాసే ముందు

బిడ్డా,

నువ్వు పంపిన గ్రాఫు చూసిన. బొడ్డుతాడు ధమని నుంచి ఉంగరంలెక్క కోసిన ముక్క ఒక్కటే తీసుకుని, థ్రాంబాక్సేన్ లెక్క నాళాన్ని ముడిచే మందు యూ-46619 రెండుసార్లు ఇచ్చినవు, రెండోసారి ముడుచుకునుడు తగ్గింది, ‘కణజాలం చచ్చింది’ అని రాసినవు. తొందరపడకు.

ఆ మందు పట్టుకునే థ్రాంబాక్సేన్ గ్రాహకం (టీపీ) ఒకసారి మందు చూసినంక మొదటి లెక్క ఉండదు. దాని తోకకు ఫాస్ఫేట్ తగిలితే మొద్దుబారుతది. మనుషుల్లో టీపీకి ఆల్ఫా, బీటా అని రెండు రూపాలు. మొదటి 328 అమైనో ఆమ్లాలు రెండింటికీ ఒకటే, తోకలే వేరు. మందు తగిలితే కణం లోపలికి జారుకునేది బీటా. ఆల్ఫా అట్ల పోదు, కానీ ప్రోస్టాసైక్లిన్ సంకేతం వస్తే పీకేఏ అనే ఎంజైమ్ దాన్ని మొద్దుబారుస్తది. అందుకే ప్రోస్టాసైక్లిన్ లెక్క పనిచేసే ఇలోప్రోస్ట్ చూసిన ఉంగరం మీద మళ్ళీ టీపీ కర్వు (మందు మోతాదు పెంచుకుంట ముడుచుకునుడు కొలిచే గీత) తియ్యకు. ఒక ఉంగరానికి ఒక్క కర్వే. పైగా యూ-46619 ఎన్నిసార్లు కడిగినా తొందరగ వదలదు.

చావు సంగతి పొటాషియం చెప్తది. కర్వుకు ముందొకసారి, బాగా కడిగి లాగుడు మొదటికి వచ్చినంక ఒకసారి, 80 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్ ఇవ్వు. అది టీపీతో పనిలేకుండ కండరాన్ని ముడుస్తది. పొటాషియానికీ మందుకూ రెండింటికీ తగ్గితే కండరం పోయింది. మందుకు మాత్రమే తగ్గితే తేడా గ్రాహకం దగ్గర. పక్క ఉంగరాన్ని అంతసేపూ ఖాళీగ ఉంచి, చివర్న ఒక్కసారే మందిచ్చి పోల్చు.

ఇండోమెథాసిన్ 10 మైక్రోమోలార్ అరగంట ముందే వెయ్, లేకపోతే నాళం సొంతంగ చేసుకునే ప్రోస్టనాయిడ్లు (థ్రాంబాక్సేన్, ప్రోస్టాసైక్లిన్ కుటుంబం రసాయనాలు) నీ లెక్క చెడగొడ్తయి. ఉంగరాన్ని ముంచే క్రెబ్స్ ఉప్పు ద్రావణంల కాల్షియం చివర్న, కార్బోజెన్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి) బాగా ఊదినంకనే. ముందు వేస్తే పాలలెక్క తెల్లగైతది, పారబోసుడే. యూ-46619 మిథైల్ అసిటేట్‌ల వస్తే దాన్ని ఆరబెట్టి ఇథనాల్‌లకు మార్చుకో. 10 మి.లీ. బాత్‌ల మొత్తం ఇథనాల్ 10 మైక్రోలీటర్లు దాటనియ్యకు.

సీకేఎం ప్రసూతి ఆస్పత్రి నుంచి తాడు తెచ్చేటప్పుడు తల్లి సమ్మతి పత్రంతో పాటు కేస్ షీట్ కూడ చూడు. నొప్పులు రావడానికి మిసోప్రోస్టాల్ గానీ డైనోప్రోస్టోన్ గానీ ఇచ్చి ఉంటే, అవీ ఈ ప్రోస్టనాయిడ్ కుటుంబం మందులే. ఆ తాళ్ళను వేరే గుంపు కింద రాసుకో. క్లాంపు నలిపిన ముక్క వాడకు.

ఇంకోటి, మే నెల వస్తుంది. మన వరంగల్ ఎండకు రూము 40 దాటితే వాటర్ బాత్ 37 దగ్గర ఆగదు, దానికి వేడి చేసుడే తెలుసు. ఏసీ రూముల పెట్టించు.